ఎనిమిది ముడుల తాడు

పొద్దున్నే ఆరింటికి నేను గుమ్మంలో కూర్చుని తాడు కొస రెండు చేతులతోనూ బిగించి పట్టుకునేదాన్ని. మా ఆయన రెండో కొస పట్టుకుని వీధిలోకి నడిచేవారు. ఆయన మేడలకి రంగులేసే పెయింటరు. ఆ తాడు పట్టుకుని దిగుతూనే గోడలు పూసేవారు. రెండు మూరలకొక ముడి, మొత్తం ఎనిమిది ముడులు. పనికి వెళ్లేముందు ఒక్కొక్క ముడినీ గట్టిగా లాగి చూసుకోకుండా ఏనాడూ గడప దాటలేదు.

"కళ్లు మూసుకో. ఇప్పుడు లాగింది ఎన్నోది?" అనేవారు.

"అయిదోది."

"కాదు, ఆరు. నీ చేతులింకా నిద్రపోతున్నాయి. వెళ్లి ఇంకో గుక్క టీ పొయ్యి వాటికి."

పంతొమ్మిదేళ్లు అలా గడిచాయి. చివరికి తప్పు చెప్పడం మానేశాను. కళ్లు మూసుకుంటే చాలు, ఆయన చెయ్యి ఏ ముడి మీద ఉందో నా అరచేతికి తెలిసిపోయేది. తాడు ఆయన్ని ఒక్కసారి కూడా మోసం చెయ్యలేదు. మోసం చేసింది మూడు రోజుల జ్వరం.

ఆయన పోయాక ఆ తాడుని పెరట్లో రెండు మేకులకి కట్టాను. పొద్దున్నే ఆరింటికి ఇప్పుడు నేను చేసేది దాని మీద బట్టలారెయ్యడం. ముడులున్నాయి కాబట్టి చొక్కాలు ఒక పక్కకి జారిపోవు. ఆరెయ్యడానికి ఆయన చొక్కాలు లేవు, అది వేరే సంగతి.

ఇప్పుడు చెప్పబోయేది మా అమ్మాయి గురించి. ఒక్కతే కూతురు. వాళ్ల నాన్న "బుడ్డీ" అని పిలిచేవారు. ఆయనంత పొడుగు ఎదిగినా ఇంకా బుడ్డే. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. చిన్నపిల్లల టీచరు కోర్సులో చేరాలని దాని పట్టుదల. ఆ కోర్సుకి మార్కులొక్కటే చాలవట. నలభై రోజులు ఎక్కడైనా పిల్లల్ని చూసుకున్నట్టు, పనిచ్చినవాళ్ల సంతకంతో కాగితం కావాలట. సెలవులు యాభై రోజులు. సెలవులయిన మర్నాడే దరఖాస్తుకి ఆఖరు. అంటే పని వెతుక్కోడానికి పది రోజులు. ఆపైన ఒక్క రోజు తప్పినా ఏడాది పోయినట్టే. ఏడాది ఆగితే ఏదో దుకాణంలో కుదరాల్సిందే. అలా కుదిరినవాళ్లెవరూ మా వీధిలో మళ్లీ పుస్తకం పట్టుకోలేదు. అది దానికీ తెలుసు, నాకూ తెలుసు. పైకి మాత్రం ఇద్దరం అనుకోలేదు.

సెలవులిచ్చిన రోజే కాలేజీ గోడ మీద అంటించిన చీటీలన్నీ రాసుకొచ్చింది. మొదటి ఇంటావిడ తలుపు గొలుసు తియ్యకుండా సందులోంచే మాట్లాడిందట.

"పిల్లల్ని చూసుకున్న అలవాటుందా?"

"ఉందండీ. మా పక్కింటి బాబుని రెండేళ్లు..."

"వాళ్ల ఫోన్ నంబరివ్వు, కనుక్కుంటాను."

వాళ్లు ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్లి మూడేళ్లయింది. ఆ మాట చెప్పేలోపే తలుపు పడింది.

రెండో ఇంట్లో పిల్లాడు నెమ్మదస్తుడే. కానీ ఆవిడ ముందుగా చూపించింది పిల్లాణ్ణి కాదు, వంటింట్లో సింకు. "బాబు నిద్రపోయినప్పుడు నీకూ తోచదు కదమ్మా" అందట. మా పిల్ల ఒక పూటంతా అంట్లు తోమి వచ్చేసింది. "కాగితం మీద ఏం రాయించుకోను అమ్మా? నలభై రోజులు గిన్నెల్ని ఆడించినట్టా?" అంది. నవ్విందే గానీ ఆ నవ్వు మొహం దాకా రాలేదు.

మూడోచోట తలుపు తీసినాయన దాన్ని ఎగాదిగా చూసి, "పిల్లలు వాళ్లమ్మతో ఊరెళ్లారు. నువ్వు లోపలికి రా, మాట్లాడుకుందాం" అన్నాడట. మా పిల్ల గిరుక్కున తిరిగి, రెండు వీధులు దాటాక గానీ వెనక్కి చూడలేదు. ఆ సంగతి నాకు రెండు రోజులకి గానీ చెప్పలేదు. "పోనీలే, ఈ చదువు కాకపోతే ఇంకోటి" అన్నాను. అది క్యాలెండరు మీద ఎనిమిదో గీత గీసి పడుకుంది.

తొమ్మిదో రోజు మందుల షాపాయన చెప్పాడు, ఈల మేడం దగ్గర పని చేసే అమ్మాయి మానేసిందని. ఉద్యోగాలకి వెళ్లే తల్లిదండ్రులు సెలవుల్లో తమ పిల్లల్ని ఆవిడ దగ్గర పొద్దున్న ఎనిమిదింటికి దింపి సాయంత్రం అయిదింటికి తీసుకెళ్తారు. మెడలో నల్లతాడుకి ఈల వేలాడుతూ ఉంటుంది. ఆ ఈల పిల్లల కోసం కాదట, పనివాళ్ల కోసం.

మా పిల్ల వెళ్లగానే, "చదువుకున్నావా?" అని అడిగిందట.

"చదువుతున్నానండీ."

"పిల్లలు ఏడుస్తుంటే నువ్వు కూడా ఏడవకుండా ఉండగలవా?"

ఆ మాట అంటూనే ఏడుస్తున్న ఆరేళ్ల పిల్లాణ్ణి తెచ్చి దీని ముందు నిలబెట్టింది. గుండు చేయించిన తల, ఒళ్లంతా ఏడుపు. మా పిల్ల బుజ్జగించలేదు. చున్నీ కొస వాడి చేతిలో పెట్టి, "లాగు చూద్దాం, నన్ను పడెయ్యగలవేమో" అంది. వాడు రెండు చేతులా లాగాడు. లాగడానికి ఊపిరి కావాలి కదా, ఏడుపు ఆగిపోయింది.

ఈల మేడం కాసేపు చూసి, "సంతకం నలభయ్యో రోజున. ఈలోపు ఒక్కటి గుర్తుపెట్టుకో. పదకొండేళ్లలో నా దగ్గర ఒక్క పిల్ల కూడా తప్పిపోలేదు. నీ చేతిలో తప్పిపోయిందంటే సంతకం కాదు కదా, ఈ వీధి మొహం కూడా నీకు చూపించను" అంది.

ఆ సాయంత్రం వస్తూనే పెరట్లోకి వెళ్లి, తాడు మీది బట్టలన్నీ తీసి నా చేతిలో పోసింది.

"అమ్మా, ఈ తాడు నాక్కావాలి."

"ఎందుకే? బట్టలెక్కడ ఆరెయ్యను?"

"కుర్చీల మీద వేసుకో. ఎనిమిది మంది పిల్లలమ్మా. రోజూ రోడ్డు దాటించి పార్కుకి తీసుకెళ్లాలి. చేతులు పట్టుకుని నడవండ్రా అంటే తెగిన పూసల్లా చెల్లాచెదరైపోతున్నారు. తలా ఒక ముడి ఇస్తాను. ముందు నేను, చివర అక్కడి ఆయా."

లెక్క కూడా అదే చెప్పింది. రోడ్డు దాటేముందు అందరూ వరసగా ఒక్కొక్కసారి ముడి లాగాలి. దాని కళ్లు బళ్ల మీద ఉంటాయి, చెయ్యి తాడు మీద. ఎనిమిది లాగుళ్లు అందితే ఎనిమిది మందీ ఉన్నట్టు. తాడు లేకుండా ఎవరూ రోడ్డు మీద కాలు పెట్టకూడదు, అది రెండో నియమం. వాళ్ల నాన్నకీ నాకూ మధ్య నడిచింది ఇది ఎప్పుడు చూసి నేర్చుకుందో!

ఈల మేడం మాత్రం తాడు తెచ్చిన మొదటి రోజే, "ముడులు కాదు, మొహాలు లెక్కపెట్టు" అందట. ఇది సరేనండీ అంది. అని, లాగుళ్లే లెక్కపెట్టింది.

రోజూ సాయంత్రం ఆ పిల్లల కబుర్లే. గుండుగాడికి నాలుగేళ్ల చెల్లెలుంది, పేరు ఉడత. పేరంటే మా పిల్ల పెట్టిన పేరు. ఒకచోట నిలవదు, చేతికి దొరకదు. వాళ్లమ్మది బస్టాండులో టికెట్లిచ్చే ఉద్యోగం. రోజూ అయిదు దాటాక పరుగెత్తుకుంటూ వస్తుందట, ఒక చెప్పు తెగిపోయినా ఆగనట్టు. "ఇంకో చోట దింపడానికి ఆవిడకి చోటే లేదమ్మా" అంది మా పిల్ల. క్యాలెండరు మీద గీతలు పెరిగాయి. పనిలో చేరి పాతిక రోజులు గడిచిపోయాయి.

ఇరవయ్యారో రోజు పొద్దున్న ఆయా కాలు బెణికి రాలేనని కబురు చేసింది.

"అమ్మా, ఇవాళ ఒక్క పూట తాడు కొస పట్టుకోవూ?"

ఆయన పోయిన ఈ ఏడు నెలల్లో నేను సందు చివర కొట్టు దాటి వెళ్లలేదు. "నాకు చేతకాదే" అన్నాను.

"పంతొమ్మిదేళ్లు పట్టుకున్నావు. ఇప్పుడు చేతకాదంటావేం?"

చీర మార్చుకుని వెళ్లాను.

అందరికీ పసుప్పచ్చ టోపీలు. నన్ను చూడగానే గుండుగాడు, "నువ్వు తాడాంటీవా?" అన్నాడు. అవునన్నాను. పార్కులో గంటసేపు బాగానే ఉన్నారు. జారుడుబల్ల కింద ఇసకలో ఉడత తన చెప్పులు పాతిపెట్టడం నేను చూశాను. చూసి, పిల్లలాట కదా అని ఊరుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు పార్కు గేటు దగ్గర ఆగాం. ఎదురుగా రోడ్డు. రోడ్డవతల పాతికడుగులు నడిస్తే ఈల మేడం వాళ్ల మెట్లు. ముందు మా పిల్ల, అటూ ఇటూ పిల్లలు, చివర నేను. గుండుగాడు అయిదో ముడి, ఉడత ఆరోది.

"లాగండి!" అంది మా పిల్ల, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఒకటి. రెండు. తాడు నా అరచేతిలో కదిలింది. ఏడు నెలల తర్వాత మొదటిసారి అవతలి నుంచి ఎవరో లాగారు. నా కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. మూడు. నాలుగు. ఇప్పుడు లాగింది ఎన్నోది? అయిదు. ఆరు. నీ చేతులింకా నిద్రపోతున్నాయి. ఏడు. ఎనిమిది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్లలు చూస్తారేమోనని పక్కకి తిరిగి కొంగుతో తుడుచుకున్నాను.

"ఎనిమిది. పదండి!"

రోడ్డు దాటేటప్పుడు నా చూపంతా బళ్ల మీదే. చెయ్యెత్తి ఒక కారుని ఆపాను కూడా. అవతలికి చేరాం, మెట్లెక్కాం. అక్కడ గోడకి వరసగా చెప్పుల అరలుంటాయి, ఒక్కొక్క పిల్లకి ఒక్కొక్క అర. మా పిల్ల వంగి చెప్పులు సర్దుతూ సర్దుతూ ఆగిపోయింది.

ఏడు జతలున్నాయి. ఆరో అర ఖాళీ.

"ఉడతా!" అంది. మామూలు గొంతుతోనే అంది. తర్వాత ఇంకోసారి అంది. ఆ రెండో పిలుపుకి నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఈల మేడం ఈల ఊదింది. గదులు, బాత్రూము, బల్లల కింద, కర్టెన్ల వెనక, అంతా వెతికాం. "లోపలికి రావడం చూశావా, చూడలేదా?" అని ఆవిడ అడుగుతోంది. "లెక్క సరిపోయిందండీ, ఎనిమిది లాగారు, ఎనిమిదీ అందాయి" అని ఇది అంటోంది.

గుండుగాడు మూల నిలబడి ఉన్నాడు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.

"చెల్లెలెక్కడరా?" మా పిల్ల వాడి ముందు కూలబడింది. వాడు నోరు బిగించేశాడు. ఈల మేడం గద్దించింది. వాడు ఇంకా బిగించాడు. ఇంకొక్క మాట గట్టిగా అంటే ఏడుపు అందుకునేవాడు. అందుకున్నాక ఇక చెప్పడు, అలాంటి పిల్లలు నాకు తెలుసు.

నేను వెళ్లి వాడి పక్కన నేల మీద కూర్చున్నాను. తాడు ఇంకా నా చేతిలోనే ఉంది.

"నేనొక తప్పు చేశాను నాన్నా" అన్నాను వాడి ఒక్కడికే వినపడేట్టు. "మీరు లాగేటప్పుడు నేను చూడాలి. కళ్లు మూసుకున్నాను. అక్కకి ఇంకా చెప్పలేదు. నువ్వేం చేశావు?"

వాడు నా కళ్లలోకి చూశాడు. వెనక నుంచి చేతులు ముందుకి తెచ్చాడు. రెండు పిడికిళ్లు.

"ఇదోసారి లాగాను. ఇదోసారి లాగాను. అది చెప్పులు తెచ్చుకుంటానంది. చెప్పులు పోతే అమ్మ కొడుతుంది. లెక్క తక్కువైతే రేపు పార్కు లేదంటారు. చెప్పొద్దని ఒట్టేయించుకుంది."

వాడి మాట పూర్తయ్యేసరికి మా పిల్ల గదిలో లేదు. నేనూ లేచాను. మెట్లు దిగి రోడ్డు మీదకి వచ్చాను. రోడ్డు మీద పెద్ద లారీ ఒకటి అడ్డంగా ఆగి ఉంది, దాని వెనక బళ్లు హారన్లు కొడుతున్నాయి. లారీ ఎందుకాగింది? చక్రాల కింద చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు. మా పిల్ల వంగి చూసింది. ఆ ఒక్క క్షణం దాని వీపు చూస్తూ నిలబడ్డాను.

లారీ కదిలింది. ముందు దారి లేక ఆగిందంతే.

అవతల గేటు దగ్గర పసుప్పచ్చ టోపీ. ఒక చేతిలో ఇసక కారుతున్న చెప్పుల జత. రెండో చెయ్యి గేటు ఇనుప ఊచ మీద. ఆ ఊచని ఒకసారి లాగుతుంది, రోడ్డు వైపు చూస్తుంది. మళ్లీ లాగుతుంది, మళ్లీ చూస్తుంది. కాళ్లు మాత్రం గేటు గీత దాటలేదు.

"తాడు ఎంతకీ రావట్లేదక్కా" అంది మా పిల్లని చూసి, తప్పంతా తాడుదే అన్నట్టు.

మా పిల్ల దాన్ని ఎత్తుకోలేదు. పక్కన కూర్చుని ఆ చిన్న పాదాలకి చెప్పులు తొడిగింది. ఎడమది కుడికి తొడిగి, తీసి, మళ్లీ తొడిగింది.

లోపలికి రాగానే ఈల మేడం అరవలేదు. అందుకే ఇంకా భయమేసింది. "రేపటి నుంచి రానక్కర్లేదు" అంది.

మా పిల్ల తల వంచుకుని నిలబడింది. వెనకాల అమ్మ ఉంది, అమ్మ చూడాల్సింది అని ఒక్క మాట అనొచ్చు. అనలేదు. నేను జీవితంలో పరాయివాళ్ల ముందు గొంతెత్తి మాట్లాడినదాన్ని కాను. ఆరోజు నోరు పెగుల్చుకున్నాను.

"చివర ఉన్నది నేనండీ. కళ్లు మూసుకున్నది నేను. ఆ పిల్ల నా ముందు నుంచే పోయింది."

"మీ పేరు నా పుస్తకంలో లేదమ్మా" అంది ఆవిడ. "మిమ్మల్ని తెచ్చింది ఈ అమ్మాయి. మొహాలు లెక్కపెట్టమంటే ముడులు లెక్కపెట్టిందీ ఈ అమ్మాయే."

నేను తాడు చుట్టలు చుట్టి, మూల కూర్చున్నాను.

అయిదున్నరకి పిల్లల తల్లి వచ్చింది, ఎప్పటిలాగే రొప్పుతూ. ఈల మేడం ఏదీ దాచలేదు. అంతా చెప్పింది. విన్నంతసేపూ ఆవిడ ఉడత చెయ్యి వదల్లేదు. విన్నాక మా పిల్ల వైపు తిరిగి, "నీకు పిల్లలుంటే తెలిసేది" అంది. అంతకంటే తిట్టినా బాగుండేది. తర్వాత ఉడతని అడిగింది, "మరి రోడ్డు మీదకి ఎందుకు రాలేదే? ఇంట్లో నా చెయ్యి విదిలించుకుని పరుగెడతావు కదా?"

"తాడు లేకపోతే రోడ్డు లేదు" అంది ఉడత. ఆ మాత్రం తెలీదా అన్నట్టుంది దాని మొహం.

తల్లి ఆ చెప్పుల్లోంచి ఇంకా రాలుతున్న ఇసక చూస్తూ, "రేపు పిల్లల్ని ఇక్కడికే తేవాలి నేను. నాకు వేరే దారి లేదు" అంది ఈల మేడంతో. "ఈ అమ్మాయిని తీసేసి రేపు పొద్దున్నకల్లా ఇంకొకర్ని తెస్తారా? వాళ్ల మాట ఇది వింటుందా?" అది క్షమించడం కాదు. మొహంలో కోపం అలాగే ఉంది.

ఈల మేడం ఈలని వేళ్ల మధ్య తిప్పింది. "ఎనిమిదింటికి రా. రేపొక్క రోజు చూస్తాను. ఆపైన సంగతి ఆపైన. తాడు తెమ్మనను, తేవద్దనను."

ఇంటికొచ్చాక మా పిల్ల తాడుని తీసుకెళ్లి పెరట్లో మేకులకి కట్టేసింది. బిగించి కట్టింది. "నీ తాడు నీకిచ్చేశాను. బట్టలారేసుకో. నేను రేపు వెళ్లను."

"ఇంకా పద్నాలుగు రోజులే కదే."

"ఆ లారీ కింద ఉంటేనో అమ్మా?"

నేను కూడా అప్పటిదాకా అదే అనుకుంటున్నాను. అన్నం కలుపుకుని ఇద్దరం కంచాల్లో వేళ్లు ఆడించి లేచాం. క్యాలెండరు మీద ఆరోజు గీత గియ్యలేదు.

పొద్దున్నే లేచి బట్టలుతికాను. బకెట్టు నిండా పిండిన బట్టలు పట్టుకుని పెరట్లోకి వెళ్లాను. తాడు ఖాళీగా ఉంది. ఆరో ముడి మీద పసుప్పచ్చ దారప్పోగు ఒకటి చిక్కుకుని ఉంది, టోపీదే అయ్యుంటుంది. చీర తీసి దులిపాను. వెయ్యడానికి చెయ్యెత్తాను. ఎత్తిన చెయ్యి దించేసి, చీర మళ్లీ బకెట్లో పడేసి, తాడు విప్పాను.

గుమ్మంలో కూర్చుని కొస రెండు చేతులా పట్టుకున్నాను.

"బుడ్డీ, రా."

"వద్దమ్మా."

"ఎనిమిదింటికి గంటన్నర ఉంది. వెళ్తావో మానతావో నీ ఇష్టం. మీ నాన్న మాత్రం లాగి చూడకుండా ఏ తాడునీ తప్పు పట్టలేదు."

చాలాసేపు రాలేదు. వచ్చి, అవతలి కొస అందుకుని వీధిలోకి నడిచింది. మొదటి ముడి లాగింది. మెల్లగా లాగింది.

"గట్టిగా."

గట్టిగా లాగింది. నేను కదిలిపోయేంత గట్టిగా. రెండోది. మూడోది. నా కళ్లు మూతపడబోయాయి. పడనివ్వలేదు. దాని మొహం వైపే చూస్తూ కూర్చున్నాను. నిద్రలేని మొహం, వాళ్ల నాన్న ముక్కు, ముడి ముడికీ బిగుసుకుంటున్న దవడ. ఎనిమిదింటికీ ఎనిమిదిసార్లు చూశాను.

"చివర ఎవరు పట్టుకుంటారు? ఆయా ఇవాళ కూడా రాదు" అంది తాడు చుట్టలు చుడుతూ, నా వైపు చూడకుండా.

"నా పేరు పుస్తకంలో రాయించు. అప్పుడు పట్టుకుంటాను. లాగేటప్పుడు నువ్వు రోడ్డు చూడు, నేను మొహాలు చూస్తాను. పేరు పెట్టి పైకి పిలుస్తాను ఒక్కొక్కర్నీ."

అది చెప్పులు వేసుకుంది. నేను పొడి చీర కట్టుకుని వచ్చాను. పెరటి తలుపు వెయ్యబోతుంటే బకెట్టు కనిపించింది. నీళ్లోడుతున్న బట్టలు ముద్దలా ఉన్నాయి. ఎండ అప్పుడే గోడ దిగుతోంది, కుర్చీల మీద వేస్తే పది నిమిషాల పని.

వెయ్యలేదు. తలుపు దగ్గరగా వేసి, అది భుజాన వేసుకున్న తాడు కొస అందుకుని వెనకాల నడిచాను.